పేపర్ గొట్టాల బుట్ట మూడుసార్లు పాడైంది, తప్పు ఎక్కడ జరుగుతోంది?

నీలిగాజు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా అమ్మ దారపు ఉండలు, సూదుల డబ్బా, కత్తెర, కొలతల టేపు అన్నీ ఒక పాత ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంటుంది. ఏదైనా కావాలంటే కవర్ మొత్తం మంచం మీద బోర్లించి వెతుక్కుంటుంది. అవన్నీ పట్టే బుట్ట ఒకటి నా చేత్తో చేసి ఇవ్వాలని నాకు చాలా కోరికగా ఉంది. పాత న్యూస్‌పేపర్లను సన్న గొట్టాల్లా చుట్టి బుట్టలు అల్లే వీడియోలు చూశాను. మా పాపకి ఏడేళ్లు, నాతోపాటు కూర్చుంటానంటోంది. పదునైన పనిముట్లు అక్కర్లేదు, కొనాల్సినవీ పెద్దగా లేవు కదా అని మొదలుపెట్టాను.

ఇప్పటికి మూడు పాడయ్యాయి. ఏం జరిగిందో వివరంగా రాస్తున్నాను, తెలిసినవాళ్లు చెప్పండి.

మొదటి దానికి గొట్టాలు వదులుగా వచ్చాయి. అల్లుతుంటే నొక్కుకుపోయి, మలుపు తిరిగే చోట చిట్లిపోయాయి. రెండో దానికి ఇంకా గట్టిగా చుట్టాను. 20 సెంటీమీటర్ల గుండ్రటి అట్ట చుట్టూ పదహారు నిలువు గొట్టాలు అంటించి, ఒక పొడుగు గొట్టంతో ఒకదానికి ముందు నుంచి, పక్కదానికి వెనక నుంచి అల్లుకుంటూ వచ్చాను. రెండో చుట్టు కూడా అచ్చం మొదటి చుట్టు వెళ్లిన దారిలోనే వెళ్లింది. మూడోదీ అంతే. ఎనిమిది గొట్టాలు ఎప్పుడూ బయటికే కనిపిస్తున్నాయి, మిగతా ఎనిమిది లోపలే ఉండిపోయాయి. అల్లికకి పట్టు లేక చుట్లన్నీ కిందికి జారిపోయాయి.

మూడోసారి ఇంక ముందు అడుగే సరిగ్గా చేద్దామని, అట్ట లోపలి వైపు పూల కాగితం అంటించి రాత్రి ఆరబెట్టాను. పొద్దున లేచేసరికి అట్ట పళ్లెంలా వంగిపోయి ఉంది. నేల మీద పెడితే ఊగుతోంది. జిగురు ఇంట్లో ఉడికించిన పిండి జిగురే వాడుతున్నాను.

అల్లిక ఎందుకు జారిపోతోంది, అట్ట ఎందుకు వంగింది, గొట్టాలు చిట్లకుండా ఏం చేయాలి? ఇంకో విషయం, పాప ఒక్కతే చేసి అమ్మమ్మకి ఇవ్వగలిగేది ఏదైనా ఉంటే చెప్పండి. "మనం చేసేది ఎప్పటికి అవుతుంది" అని రోజూ అడుగుతోంది, మూడుసార్లు పాడవడం చూసి తన ముఖం చిన్నబోతుంటే నాకు బాధగా ఉంది.


సూదీదారం:

మీ రెండో బుట్ట సంగతి నేను చెప్తాను, నాకూ మొదట్లో ఇదే జరిగింది. పదహారు సరిసంఖ్య. ఒక్క గొట్టంతో ముందు, వెనక, ముందు, వెనక అని వెళ్తే చుట్టు పూర్తయ్యేసరికి మళ్లీ 'ముందు' దగ్గరికే వస్తారు. అందుకే ప్రతి చుట్టూ ఒకే దారిలో పోతుంది. నిలువు గొట్టాలు బేసిసంఖ్యలో ఉంటే రెండో చుట్టు తనంతట తానే తిరగబడుతుంది. మొదటి చుట్టులో ముందు నుంచి వెళ్లిన చోట ఇప్పుడు వెనక నుంచి వెళ్తుంది. అప్పుడే ఒక చుట్టు ఇంకో చుట్టుని పట్టుకుంటుంది.

20 సెంటీమీటర్ల అట్ట అన్నారు కదా. దాని చుట్టుకొలత సుమారు 63 సెంటీమీటర్లు. 21 గొట్టాలు పెడితే ఒక్కోదాని మధ్య 3 సెంటీమీటర్లు వస్తుంది. పదహారు పెడితే దాదాపు 4 వస్తుంది, సన్న గొట్టాలకి అది ఎక్కువ. 21 పెట్టి చూడండి.

సరిసంఖ్యలోనే కావాలంటే రెండు గొట్టాలు ఒకేసారి పట్టుకుని, ఒకటి ముందు నుంచి, ఒకటి వెనక నుంచి, ప్రతి నిలువు గొట్టం దాటాక మెలి తిప్పుతూ అల్లాలి. గట్టిగా ఉంటుంది గానీ మొదటి బుట్టకి వద్దు.


పాతఅట్ట:

నీలిగాజు గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను ముప్పై ఏళ్లు పుస్తకాల బైండింగ్ చేశాను. పని మానేసి చాలా కాలమైనా, కాగితం చేతిలోకి వస్తే ముందు దాని వాలు చూడకుండా ఉండలేను. మీ మొదటి బుట్ట చిట్లడానికీ, మూడోదాని అట్ట వంగడానికీ వెనక ఉన్న విషయం అదే.

యంత్రం మీద తయారైన ప్రతి కాగితానికీ ఒక వాలు ఉంటుంది. ప్రెస్సుల్లో గ్రెయిన్ అంటారు. నీళ్లలో కలిపిన గుజ్జు కదిలే జల్లెడ మీద పడుతుంది. ఆ జల్లెడ ఎటు పరిగెడితే పీచులో ఎక్కువ భాగం అటే తిరిగి పడుకుంటుంది, ఏట్లో గడ్డిపరకలు నీటి వాలుకి తిరిగినట్టు. 1799లో ఫ్రాన్స్‌లో లూయీ నికొలా రొబేర్ ఇలా ఆగకుండా కాగితం తీసే యంత్రానికి పేటెంట్ పొందాడు. అంతకుముందు ఒక్కొక్క తావునూ చేత్తో తీసేవాళ్లు. జల్లెడని అటూ ఇటూ ఊపేవాళ్లు కాబట్టి పీచు అన్ని వైపులకీ సర్దుకునేది, వాలు పెద్దగా తెలిసేది కాదు. ఇప్పుడు మన ఇళ్లలో ఉండే న్యూస్‌పేపరు, నోటుపుస్తకం, అట్టపెట్టె అన్నీ యంత్రం నుంచి వచ్చినవే.

దాన్ని కనిపెట్టడం పాప కూడా చేయగలదు. పేపర్ని పై అంచు నుంచి కిందికి ఒకసారి చింపండి, పక్క అంచు నుంచి అడ్డంగా ఇంకోసారి చింపండి. ఒకవైపు స్కేలు పెట్టి గీసినట్టు చిరుగుతుంది. ఇంకోవైపు చెయ్యి మాట వినదు, వంకరగా పక్కకి పోతుంది. నేరుగా చిరిగినవైపే వాలు ఉన్నట్టు. పెద్ద సైజు పేపర్లకి మామూలుగా పైనుంచి కిందికి ఉంటుంది, చిన్న సైజువాటికి అడ్డంగా ఉండొచ్చు. కాబట్టి కొత్త పేపర్ తీసిన ప్రతిసారీ ఒక ముక్క చింపి చూసుకోండి.

గొట్టానికి పట్టీలు వాలు పొడుగునా వచ్చేలా తీయాలి. వెడల్పు 8 నుంచి 10 సెంటీమీటర్లు. కత్తెర కూడా అక్కర్లేదు, మడిచి, మడత మీద గోరుతో రుద్ది, స్కేలు ఆనించి చింపితే చాలు. 2 లేదా 3 మిల్లీమీటర్ల మందం ఉన్న అల్లిక సూది గానీ నున్నటి పుల్ల గానీ తీసుకోండి. పట్టీ మూల మీద ఏటవాలుగా పెట్టండి. పట్టీ పొడుగు అంచుకీ పుల్లకీ మధ్య కోణం 30 డిగ్రీలు దాటకుండా చూసుకుని చుట్టండి. కోణం పెరిగితే గొట్టం పొట్టిగా, మందంగా వచ్చి వంగనంటుంది. మొదటి రెండు చుట్లే ముఖ్యం, అవి బిగుతుగా పడితే మిగతాది దానంతట అదే వస్తుంది. జిగురు చివరి మూలకి ఒక్క చుక్క చాలు. గొట్టం పొడుగునా జిగురు పూస్తే తడికి మెత్తబడి నొక్కుకుపోతుంది, మీకు జరిగింది అదే అనుకుంటాను.

చుట్టాక ఒక కొన సన్నగా, ఇంకో కొన కాస్త వెడల్పుగా ఉంటుంది. పొడుగు కావాలంటే వెడల్పు కొనలోకి ఇంకో గొట్టం సన్న కొనని 2 సెంటీమీటర్లు దూర్చండి. ఆ అతుకు నిలువు గొట్టం వెనక పడేలా చూసుకుంటే బయటికి కనిపించదు.

ఇంక చిట్లడం గురించి. అల్లే గొట్టాల మీద నీళ్లు తుంపర్లుగా చల్లి పది నిమిషాలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఉంచండి. మెత్తబడి చెప్పినట్టు తిరుగుతాయి. నిలువు గొట్టాలని మాత్రం తడపొద్దు, అవి నిటారుగా నిలబడాలి.

ఇప్పుడు అట్ట. కాగితానికి తడి తగిలితే పీచుకి అడ్డంగా సాగుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. మీ పూల కాగితం జిగురు తడికి సాగి ఉన్నప్పుడు అట్టకి అంటుకుంది. ఆరుతూ ముడుచుకుని అట్టని కూడా తనతో లాక్కుంది. ఒకవైపే అంటించారు కాబట్టి అటే వంగింది. పుస్తకం అట్టకి బయట గుడ్డ వేస్తే లోపల కాగితం తప్పకుండా వేస్తాం, అది అందం కోసం మాత్రమే కాదు. రెండు వైపులా సమానంగా లాగితేనే అట్ట నిలుస్తుంది. అందుకే అట్ట రెండో వైపు కూడా అలాంటి కాగితమే, అదే వాలులో అంటించండి. అట్టకి పైనా కిందా పొడి కాగితాలు పెట్టి బరువు కింద ఒక రాత్రంతా ఉంచండి. మొదటి గంటలో ఆ కాగితాలు రెండుసార్లు మార్చండి, తడంతా అవే పీలుస్తాయి.

పిండి జిగురుని నేను తక్కువ చేయను, పుస్తకాల పనిలో దానికి సాటి లేదు. కానీ అందులో నీళ్లు ఎక్కువ. గొట్టాల లోపల తడి ఆరకపోతే బూజు పడుతుంది, కాగితం తినే పురుగులకి ఆ పిండి ఇష్టం. బట్టలూ దారాలూ పెట్టే బుట్ట కాబట్టి ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు వాడండి.


ఏడురంగులు:

పాతఅట్ట గారు చెప్పింది చదివి మా ఇంట్లో పేపర్లన్నీ చింపి చూశాను! కానీ ఒక మాట. ఏడేళ్ల పిల్లకి ఇరవై గొట్టాలు చుట్టించడం కష్టం. మా వాడు ఐదు చుట్టేసరికి లేచిపోయేవాడు. పిల్లలకి కళ్ల ముందు పని పెరుగుతూ కనిపించాలి.

పాత కాటన్ టీషర్టు ఒకటి తీసుకోండి. కింది కుట్టు తీసేసి, చంకల కింద వరకు ఉన్న గుడ్డని అడ్డంగా 3 సెంటీమీటర్ల పట్టీలుగా కోయండి. ఆ కోత పెద్దవాళ్లే కోయాలి. ఒక్కో పట్టీని రెండు చేతులతో గట్టిగా లాగితే అంచులు లోపలికి చుట్టుకుని తాడులా అయిపోతుంది. ఆ ఒక్క క్షణం కోసమే మా వాడు ఇంకో టీషర్టు తెచ్చి ఇచ్చేవాడు. టీషర్టు గుడ్డ అల్లికది కాబట్టి అంచులు పోగులు పోవు. మామూలు చొక్కా గుడ్డ నేసింది, దాన్ని ఇలా కోస్తే పోగులు ఊడి వస్తూనే ఉంటాయి, కాబట్టి అది తీసుకోకండి.

మూడు రంగుల తాళ్లు ఒక కొన దగ్గర ముడివేసి, కుర్చీ కాలికి కట్టి పాపకి ఇవ్వండి. జడ అల్లడం వస్తే చాలు. వేలెడు వెడల్పున్న జడ ఒక మీటరు లోపే అల్లితే 10 సెంటీమీటర్ల గుండ్రటి చక్రం వస్తుంది. జడని నత్తగుల్లలా చుట్టుకుంటూ వెనక వైపు పెద్ద కుట్లు మీరు వేసి ఇవ్వండి. చుట్టేటప్పుడు మరీ బిగిస్తే మధ్యలో టోపీలా లేస్తుంది, బల్ల మీద పరిచి పెట్టి చుడితే చదునుగా వస్తుంది. బుట్ట అడుగున పరిస్తే సూదులు, కత్తెర పెట్టినప్పుడు చప్పుడు కాదు, అట్ట కూడా అరగదు.


నీలిగాజు:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండీ. పాప, నేను కూర్చుని పేపర్ చింపాం. నా దగ్గరున్నది చిన్న సైజు పేపర్. అడ్డంగా గీత గీసినట్టు చిరిగింది, నిలువుగా చింపితే వంకరపోయింది. అంటే ఇన్నాళ్లూ నేను పట్టీలన్నీ వాలుకి ఎదురుగా తీశాను. ఈసారి అడ్డంగా తీసి చుట్టాను, పట్టీ కాస్త పొట్టిదే గానీ గొట్టం పెన్సిల్‌లా గట్టిగా వచ్చింది. ఇంత తేడా ఉంటుందని అనుకోలేదు.

రెండు సందేహాలు. అల్లడం అయ్యాక పైన మిగిలే నిలువు గొట్టాల కొనలు ఏం చేయాలి? కోసేస్తే ఊడిపోతుందేమో అని టెన్షన్. రంగు ముందే వేయాలా, అల్లాక వేయాలా?

టీషర్టు చక్రం పాపకి చాలా నచ్చింది, ఇవాళే ఒకటి మొదలుపెట్టింది. అది బుట్టలోకి వెళ్తుంది కాబట్టి "నేను ఇచ్చేది వేరేగా ఉండాలి" అంటోంది. ఇంకేదైనా ఉందా?


పాతఅట్ట:

కొనలు కోయకండి. ఒక్కోటి 12 సెంటీమీటర్లైనా మిగిలేలా అల్లిక ఆపండి. కొనలకి మాత్రం ఇప్పుడు తడి చెయ్యి రాసి మెత్తబడనివ్వండి. మొదటి కొనని పక్కనున్నదాని వెనక నుంచి తీసుకెళ్లి బయటికి వంచండి. రెండోదాన్ని దాని పక్కదాని వెనక నుంచి, అలా చుట్టూ వెళ్లండి. చివరిది మొదటిది వంగిన సందులోకి దూరుతుంది. తర్వాత ఒక్కో కొననీ పక్క నిలువు గొట్టం వెంట అల్లికలోకి కిందికి దూర్చేయండి. సందు చాలకపోతే అల్లిక సూదితో కొంచెం వెడల్పు చేసుకోండి. దూర్చే ముందు కొనకి జిగురు రాయండి. పూర్తిగా లోపలికి పోయాక ఏమైనా పొడుచుకొస్తే అప్పుడు కోయొచ్చు.

అల్లేటప్పుడు బుట్ట లోపల ఒక గుండ్రటి డబ్బా పెట్టుకోండి, మీద ఏదైనా బరువు ఉంచండి. అది లేకుండా అల్లితే పైకి వెళ్లేకొద్దీ చెయ్యి తెలియకుండానే బిగిస్తుంది, బుట్ట మూతి ముడుచుకుపోతుంది.

రంగు అల్లాకే వేయండి. ముందే వేస్తే మలుపుల దగ్గర పొట్టులా లేస్తుంది. ముందు రెండు వంతుల తెల్ల జిగురుకి ఒక వంతు నీళ్లు కలిపి బ్రష్షుతో ఒక పూత పూయండి. అది ఆరితే బుట్ట గట్టిపడుతుంది, రంగుని కాగితం పీల్చేయదు. ఆ తర్వాత అక్రిలిక్ రంగు, దాని మీద మళ్లీ ఒక పూత జిగురు నీళ్లు. ఒక పూత పూర్తిగా ఆరాకే ఇంకోటి. ఇంత చేసినా నీళ్లు తగిలితే తెల్ల జిగురు మెత్తబడుతుంది, కాబట్టి తడి గుడ్డతో తుడవొద్దని అమ్మగారికి చెప్పండి.

పాప కోసం నాకు బాగా ఇష్టమైన పని ఒకటి చెప్తాను. చిన్న నోటుపుస్తకం. ఎ4 కాగితాలు 8 తీసుకుని సగానికి మడిస్తే 32 పేజీలు వస్తాయి. పైన అట్టకి కాస్త దళసరి కాగితం, అమ్మమ్మకి నచ్చే రంగుది. ఎ4 కాగితానికి వాలు ఎక్కువగా పొడుగు వైపే ఉంటుంది, మనం మడిచేది దానికి ఎదురు. అందుకని రెండేసి కాగితాలు విడివిడిగా మడిచి, చెంచా వెనక వైపుతో మడత మీద గట్టిగా రుద్ది, తర్వాత అన్నీ ఒకదానిలో ఒకటి పెట్టాలి. ఆ రుద్దే పని పిల్లలు ఎంతో ఇష్టంగా చేస్తారు.

మడత మీద మూడు రంధ్రాలు, మధ్యలో ఒకటి, పైకీ కిందికీ అంచుకి 4 సెంటీమీటర్ల దూరంలో చెరొకటి. ఇవి మీరు పొడవండి. 65 సెంటీమీటర్ల దళసరి దారం, మొండి మొన ఉన్న సూది పాపకి ఇవ్వండి. లోపలి వైపు నుంచి మధ్య రంధ్రంలో బయటికి తీయాలి, బయట పై రంధ్రంలోకి దూర్చాలి. ఇప్పుడు లోపల మధ్య రంధ్రాన్ని వదిలేసి నేరుగా కింది రంధ్రంలో బయటికి తీసి, మళ్లీ మధ్య రంధ్రంలోంచి లోపలికి తేవాలి. దారం రెండు కొనలూ లోపల ఒక్కచోట కలుస్తాయి. వాటి మధ్య లోపలి పొడుగు కుట్టు ఉండేలా, ఒక కొన దానికి అటు పక్క, ఇంకో కొన ఇటు పక్క పెట్టి ముడివేయాలి. ఆ పొడుగు కుట్టు ముడి లోపలికి రాకపోతే మధ్యలో వదులుగా ఉంటుంది. దారం లాగేటప్పుడు మడత పొడుగునా లాగాలి, కాగితానికి అడ్డంగా లాగితే రంధ్రం చిరుగుతుంది. మా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన వాళ్లందరూ మొదటి రోజు చేసిన తప్పు అదే.


నీలిగాజు:

పదిహేను రోజుల తర్వాత రాస్తున్నాను. బుట్ట పూర్తయింది! 21 నిలువు గొట్టాలు, ఎత్తు 11 సెంటీమీటర్లు. లోపల డబ్బా పెట్టి అల్లాను, గోడలు నిటారుగా వచ్చాయి. అట్టకి రెండు వైపులా పూల కాగితం అంటించి లావుపాటి పుస్తకాల కింద పెట్టాను, తెల్లారి తీసి బల్ల మీద పెడితే ఎక్కడా ఊగలేదు. అది చూసి నేనూ పాపా చప్పట్లు కొట్టాం. మూతి దగ్గర రెండు కొనలు తడి ఎక్కువై నలిగాయి, వాటిని పక్క గొట్టం కింద దాచాను. నీలం రంగు వేశాను.

ఏడురంగులు గారూ, పాప మొత్తం పద్నాలుగు గొట్టాలు చుట్టింది. ఒక్కసారిగా కాదు, రోజుకి రెండో మూడో. జడ చక్రం అడుగు మధ్యలో చదునుగా కూర్చుంది, టోపీలా లేవలేదు.

సూదీదారం గారూ, మొదటి చుట్టు అయ్యి రెండోది తిరగబడి వెళ్తుంటే నాకు మీరు గుర్తొచ్చారు.

నోటుపుస్తకం పాపే కుట్టింది. మొదటిసారి పొడుగు కుట్టుని ముడిలోకి తీసుకోలేదు, వదులుగా ఉందని తనే విప్పి మళ్లీ కట్టింది. అట్ట మీద కత్తెర బొమ్మ గీసింది. అమ్మ ముందు కవర్లోని దారపు ఉండలన్నీ ఒక్కొక్కటిగా బుట్టలో సర్దుకుంది. తర్వాత పుస్తకం తెరిచి, పాపని నిలబెట్టి టేపుతో కొలిచి, మొదటి పేజీలో తన కొత్త గౌను కొలతలు రాసుకుంది.